కాలువ చెత్త మీద నడిబజార్లో నాటకం: ముందే చెప్పి ఆడాలా, హఠాత్తుగా మొదలుపెట్టాలా?

కాలువగట్టు, తెనాలి

అందరికీ నమస్కారం. మాది తెనాలి. ఊరి మధ్య నుంచి మూడు కాలువలు పారతాయి. వాటి వల్లే ఆంధ్రా ప్యారిస్ అనే పేరు వచ్చిందని మా పెద్దవాళ్ళు ఇప్పటికీ మురిపెంగా చెప్తారు. ఆ కాలువల్లో ఇప్పుడు క్యారీబ్యాగులు, టీ కప్పులు, వాడిన పూలదండలు, పగిలిన దేవుడి పటాలు, చికెన్ కొట్ల వ్యర్థాలు తేలుతున్నాయి. కరపత్రాలు పంచాం, ఫ్లెక్సీలు కట్టాం. ఎవరూ ఆగి చదవలేదు.

అందుకని డిగ్రీ పిల్లలు కొందరు, ఇద్దరు మాస్టర్లు, నాటకాలంటే ప్రాణం పెట్టే ఒక టైలర్ అన్న కలిసి ఒక ఆలోచన చేశాం. సాయంత్రం మార్కెట్ రద్దీగా ఉన్నప్పుడు మావాడే ఒకడు సంచీడు చెత్త కాలువలోకి విసురుతాడు. మావాడే ఇంకొకడు వాడి చొక్కా పట్టుకుంటాడు. గొడవ పెద్దదవుతుంది, జనం పోగవుతారు, తలా ఒక మాట అంటారు. ఇది నాటకం అని చివరిదాకా చెప్పం. ఇంకోటి, వంతెన పక్కన పాత ఇనుముతో పెద్ద చేప పెట్టి, కాలువలో తీసిన ప్లాస్టిక్ దాని కడుపులో నింపుదామని. ఇనుప తుక్కుతో విగ్రహాలు చేసే శిల్పులు మా ఊళ్ళోనే ఉన్నారు కాబట్టి అది కష్టం కాదు.

ఏప్రిల్ 12 వీధి నాటక దినోత్సవం కదా, ఆ రోజే చేద్దామా? పర్మిషన్ సంగతి ఏంటి? అసలు ఇలాంటివి పనిచేస్తాయా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

డప్పు_దరువు, గుంటూరు

తమ్ముడూ, మంచి పని తలపెట్టారు. నేను చాలా ఏళ్ళు ప్రజానాట్యమండలి బృందాలతో ఊళ్ళు తిరిగినవాణ్ణి. ముందు ఆట సంగతి చెప్తాను.

ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. బజార్లో ఆగిన మనిషి చేతిలో కూరగాయల సంచి ఉంటుంది, ఇంటి దగ్గర పని ఉంటుంది. ముందు డప్పు మోగాలి, మాట తర్వాత. పిల్లల్ని పిలిచి ముందు వరసలో కింద కూర్చోబెట్టండి. వాళ్ళు కూర్చుంటే పెద్దవాళ్ళు వెనక నిలబడతారు, వలయం దానంతట అదే ఏర్పడుతుంది. జనం చుట్టూ ఉంటారు కాబట్టి మీ వీపు ఎప్పుడూ ఎవరో ఒకరి వైపు ఉంటుంది. ముఖ్యమైన మాటని తిరుగుతూ మూడు దిక్కులకూ అనాలి. స్టేజీ మీద నటించినట్టు ఒకవైపే చూసి డైలాగ్ చెబితే సగం మంది వెళ్ళిపోతారు.

మైకు జోలికి పోవద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. డప్పుకి, గొంతుకి మించినది బజార్లో అక్కర్లేదు. అయినా స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి, వాళ్ళ చేత ముద్ర వేయించుకుని జేబులో పెట్టుకోండి. వంతెన మీద మాత్రం ఆడొద్దు. ట్రాఫిక్ ఆగితే వచ్చిన జనమే తిడతారు.

ఇక ఏప్రిల్ 12 గురించి. అది ఢిల్లీలో వీధి నాటకాలు ఆడిన సఫ్దర్ హష్మీ పుట్టినరోజు. 1989 జనవరి 1న ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో, ఝండాపూర్ అనే కార్మికవాడలో నాటకం ఆడుతుండగా ఆయన మీద దాడి జరిగింది. మర్నాడు చనిపోయారు. జనవరి 4న ఆయన భార్య మలయశ్రీ తన బృందంతో అదే చోటికి వెళ్ళి, ఆగిపోయిన నాటకాన్ని పూర్తి చేశారు. నాకు ఆ తేదీ అంటే చాలా గౌరవం. అందుకే చెప్తున్నా, రిహార్సల్ సరిగ్గా కాకుండా తేదీ కోసం పరిగెత్తకండి.

తెల్లారుజాము, విజయవాడ

ఒక మాట అడుగుతాను. మీ నాటకంలో చెత్త విసిరేవాడి వేషం ఎలా ఉంటుంది? లుంగీ, మాసిన బనీనా? చొక్కా పట్టుకునేవాడు టక్ చేసుకుని ఉంటాడా?

మా పేటకి ఒకసారి ఒక బృందం వచ్చి ఆడింది. తాగుబోతు, చెత్త వేసేవాడు, చదువు రాని ఆడమనిషి, ముగ్గురూ అచ్చం మా పేటవాళ్ళలాగే మాట్లాడారు. బుద్ధి చెప్పేవాడి యాస మాత్రం వేరు. మా అమ్మ పారిశుద్ధ్య కార్మికురాలు. తెల్లవారకముందే చీపురు పట్టుకుని వెళ్ళే మనిషి. ఆ నాటకం సగం చూసి ఒక్క మాట కూడా అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. మా వీధి వీధంతా ఆ రోజు అవమానపడింది.

కాలువలో దిగి చెత్త తీసేవాళ్ళు మీ ఊళ్ళోనూ ఉంటారు. నాటకం రాసేటప్పుడే వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. చివర్లో శాలువా కప్పడానికి పిలవడం కాదు నేను అడుగుతున్నది. ఏ వంతెన కింద ఏం తేలుతుందో, ముహూర్తాల రోజుల్లో ఏ ఫంక్షన్ హాలు వెనక నుంచి ప్లేట్లు వచ్చి పడతాయో వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు. కథ అక్కడ ఉంది.

నీటిమట్టం

తెల్లారుజాము గారు చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను. నేను వేరే జిల్లాలో మున్సిపల్ పనులు చూసే ఇంజనీర్ని.

జనం కాలువలో వేసేది ఒళ్ళు బలిసి కాదు. చెత్త బండి వచ్చేసరికి కూలికి వెళ్ళేవాళ్ళు ఇంట్లో ఉండరు. మార్కెట్లో బండ్లవాళ్ళు రాత్రి కొట్టు కట్టేసే సమయానికి దగ్గర్లో డబ్బా ఉండదు. ఇక దేవుడి పటాలు, పూలదండలు. వాటిని చెత్త బండిలో వేయడానికి ఎవరికీ చెయ్యి రాదు. పారే నీళ్ళలో కలపడమే మర్యాద అనుకుంటారు. ఆ భక్తిని నాటకంలో ఎగతాళి చేస్తే ఆ క్షణమే జనం మీకు దూరమవుతారు. కాలువ గట్టున గుడి దగ్గర పటాలకీ పూలకీ విడిగా ఒక శుభ్రమైన పెట్టె పెట్టించి, దాన్ని చూపిస్తూ ఆడండి.

ఇంకో సంగతి. డెల్టా కాలువలు సాధారణంగా జలవనరుల శాఖవి, ఊళ్ళో చెత్త మున్సిపాలిటీది. బొమ్మ పెట్టాలన్నా, వల కట్టాలన్నా రెండు చోట్లా అడగాలి. ఒకరి దగ్గర ఒప్పుకోలు తీసుకుని ఆగితే రెండోవాళ్ళు వచ్చి తీసేస్తారు.

రాత్రిబండి, బెంగళూరు

పనిచేస్తాయా అని అడిగారు కాబట్టి రెండు ఉదాహరణలు చెప్తా.

2015లో మా బెంగళూరు సుల్తాన్‌పాళ్యలో రోడ్డు మధ్యలో పెద్ద గుంత పడి నీళ్ళు నిలిచాయి. బాదల్ నంజుండస్వామి అనే కళాకారుడు ఆ గుంతని రంగులతో చిన్న చెరువులా మార్చి, అందులో నిజం మొసలి అంత బొమ్మని పెట్టారు. పత్రికల్లో, టీవీల్లో వచ్చింది. కొద్ది రోజుల్లోనే రోడ్డు బాగుచేశారు. 2019లో చంద్రయాన్-2 దిగాల్సిన వారంలో ఆయనే ఒక నటుడికి వ్యోమగామి దుస్తులు వేయించి, గుంతల రోడ్డు మీద చంద్రుడిపై నడిచినట్టు నడిపించారు. అదీ ఫలించింది. ఎందుకంటే అడిగింది ఒక్క పని, ఒక్క చోట, ఒక్క ఆఫీసుని. పూడ్చడానికి ఒక లారీ కంకర చాలు.

మీది అలాంటిది కాదు. వేలమంది రోజూ చేసే పనిని మార్చాలి. దానికి దగ్గరగా వచ్చేది బొగొటా. కొలంబియా రాజధాని. 1995లో అక్కడ మేయర్ అయిన ఆంటనాస్ మోకస్ ట్రాఫిక్ కూడళ్ళలో ముందు 20 మంది మూకాభినయ కళాకారుల్ని పెట్టారు. జీబ్రా గీతల మీద కారు ఆపినవాణ్ణి, అడ్డదిడ్డంగా రోడ్డు దాటేవాణ్ణి వాళ్ళు వెంటబడి అనుకరించేవాళ్ళు. ఒక్క మాట కూడా మాట్లాడరు, జరిమానా రాయరు. జనానికి అది ఎంత నచ్చిందంటే ఇంకో 400 మందికి శిక్షణ ఇచ్చారు. బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి, కిందికి దించిన బొమ్మ ఒకటి ఉన్న కార్డులు 3,50,000 పంచారు. డ్రైవర్లు ఒకరికొకరు వాటిని చూపించుకునేవాళ్ళు. మనుషులు చనిపోయిన చోట రోడ్డు మీద నక్షత్రాలు గీయించారు. తర్వాతి ఏళ్ళలో రోడ్డు మరణాలు సగానికి పైగా తగ్గాయి. అయితే అదే సమయంలో బార్లు రాత్రి ఒంటిగంటకే మూయించారు, ట్రాఫిక్ పోలీసు వ్యవస్థనే మార్చేశారు. కళాకారులూ చట్టమూ కలిసి పనిచేశాయి. ఇంజనీర్ గారు చెప్పిన డబ్బా, బండి టైము లేకుండా మీ నాటకం ఒంటరిదైపోతుంది.

చిట్టిచేప

స్టాక్‌హోమ్‌లో 2009లో ఒక మెట్రో స్టేషన్ మెట్లని పియానోలా మార్చారు కదా, ఎక్కుతుంటే సంగీతం వచ్చేది. ఎస్కలేటర్ వదిలి మెట్లు ఎక్కినవాళ్ళు 66 శాతం పెరిగారని చెప్పారు. చెత్త వేస్తే పాట పాడే డబ్బా పెట్టొచ్చు!

రాత్రిబండి, బెంగళూరు

అది ఒక కార్ల కంపెనీ ప్రచారం కోసం కొన్నాళ్ళు పెట్టిన ఏర్పాటు. సరదా కొత్తగా ఉన్నప్పుడు లాగుతుంది, నిజమే. పాట పాడే డబ్బా వర్షానికి పాడైతే బాగుచేసేది ఎవరో ముందే తేల్చుకుని పెట్టండి, అంతే.

పోతనవాడ_పిల్ల, వరంగల్

ఆ చొక్కా పట్టుకునే గొడవ దయచేసి వద్దు అన్నా. గట్టిగానే చెప్తున్నా.

మీరు చెప్పినదాన్ని అదృశ్య నాటకం అంటారు. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ 1970లలో అర్జెంటీనాలో ప్రవాసంలో ఉన్నప్పుడు దీన్ని అభివృద్ధి చేశారు. బహిరంగంగా రాజకీయ నాటకం ఆడితే ప్రాణం మీదికి వచ్చే రోజులవి, అందుకని హోటల్లో, రైల్లో, నాటకం అని తెలియకుండా ఆడేవాళ్ళు. ఆ అవసరం వేరు. మీకు తెనాలిలో ఎవరి భయం ఉంది?

ఇప్పుడు జనం పోగైతే మొదట పైకి లేచేది ఫోన్. గొడవలో పదిహేను సెకన్ల ముక్క వాట్సాప్‌లోకి పోతుంది. కింద ఎవడో ఒక కులం పేరో మతం పేరో పెట్టి పంపిస్తాడు. మీరు తర్వాత ఎంత వివరణ ఇచ్చినా ఆ ముక్క వెళ్ళిన చోటికి మీ వివరణ వెళ్ళదు. నేను వీడియో వార్తల పని చేస్తాను, ఇలాంటి క్లిప్పుల వెనక నిజం వెతకడమే రోజూ నా పని. పైగా మీ పిల్లల్లో ఒకణ్ణి నిజంగా ఎవరైనా కొడితే? బజార్లో గుండె జబ్బు మనిషి ఉంటే? ఆశ్చర్యం వేరు, భయపెట్టడం వేరు.

బోల్ దగ్గరే మీకు పనికొచ్చేది ఇంకోటి ఉంది, ఫోరం థియేటర్. చిన్న కథని సమస్య దగ్గర ఆపేస్తారు. చూసేవాళ్ళలో ఒకరు లేచి, ఆ పాత్ర స్థానంలోకి వచ్చి, తానైతే ఏం చేస్తాడో చేసి చూపిస్తాడు. రాత్రి పదింటికి కొట్టు కట్టేస్తున్న కూరగాయల అమ్మ, చేతిలో కుళ్ళిన ఆకుల బుట్ట, దగ్గర్లో డబ్బా లేదు. ఇక్కడ ఆపండి. నిజం కూరగాయల అమ్మే లోపలికి వస్తుంది చూడండి.

వేషం_కట్టు, కూచిపూడి దగ్గర

ఇంతసేపు దూరదేశాల కబుర్లు చదివాను, బాగున్నాయి. కానీ హఠాత్తుగా వీధిలో మనిషి ప్రత్యక్షమవడం మనవాళ్ళకి కొత్త కాదు. మా తాతలు పగటివేషాలు వేసేవాళ్ళు. బృందం ఊళ్ళో దిగి కొన్ని రోజులు ఉంటుంది. రోజుకో వేషం. ఒకరోజు సోమయాజులు, ఒకరోజు ఫకీరు, ఒకరోజు బైరాగి, ఇంకోరోజు అర్ధనారీశ్వరుడు. తెర లేదు, వేదిక లేదు. నీ ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడి మాట్లాడతారు. వేషం ఎంత నిక్కంగా ఉంటుందంటే కొత్తగా చూసినవాళ్ళు నిజమే అనుకుంటారు.

మీరు ఇక్కడ గమనించాల్సింది చివరి రోజు. ఆ రోజు బృందం ఇంటింటికీ వచ్చి సంభావన అడుగుతుంది. అంటే ఎవరు ఏ వేషం కట్టారో ఊరికి తెలుస్తుంది. ఆశ్చర్యపడినవాడు మోసపోయానని బాధపడడు, నన్ను కూడా ఆటలో కలిపారని సంతోషిస్తాడు. ఊరితో సంబంధం తెగదు కాబట్టే మళ్ళీ ఏడాది అదే ఊరికి వెళ్ళగలిగేవాళ్ళు. కులాలని వెక్కిరించే వేషాలు కొన్ని పాతకాలంలో ఉండేవి. అవి ఇప్పుడు వేయకూడదు, వేయాల్సిన అవసరమూ లేదు.

నాకు తోచింది చెప్తాను. కాలువ కరణం అని ఒక వేషం కట్టండి. పంచె, కోటు, ముక్కు మీద జారే కళ్ళద్దాలు, చంకలో గొడుగు, పెద్ద దస్తరం. మూడు నాలుగు రోజులు ఆయన వంతెనల దగ్గర కూర్చుని తేలివచ్చే ప్రతిదీ రాసుకుంటాడు. కొట్ల ముందుకొచ్చి, "అయ్యా, కాలువ పద్దులో మీ బజారు వాటా ఏమని రాయమంటారు?" అని మర్యాదగా అడుగుతాడు. మనిషి పేరు రాయడు. వంతెన పేరు, వస్తువు పేరు రాస్తాడు, అంతే. ఎవరినీ తిట్టడు. చివరి రోజు ఊరి ముందు దస్తరం చదువుతాడు. మొదటి రోజే పిల్లలు ఆయన వెంటపడతారు, రెండో రోజుకి కొట్లవాళ్ళే కబురు చేస్తారు.

నెల్లూరు_పంతులు

కరణం వేషం గొప్పగా ఉంది. నాకు చెప్పాలనిపించింది కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

1991లో మా జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పంతుళ్ళలో చాలామంది కళాజాతా బృందాల వెంట తిరిగాం, నేనూ తిరిగాను. ఈ కళాజాతా పద్ధతి 1980లో కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు మొదలుపెట్టినది. అక్కడి నుంచి అక్షరాస్యత పనిలోకి దేశమంతా వచ్చింది. పాట, డప్పు, చిన్న చిన్న నాటికలు. వాటిలో కూలి డబ్బులు ఉండేవి, వడ్డీ ఉండేది, సారా ఉండేది. మా బృందం రాగానే పొలం నుంచి వచ్చిన కాళ్ళు కూడా కడుక్కోకుండా నిలబడేవాళ్ళు.

కానీ నాటిక అయిపోగానే మేం జెండా చుట్టేసి వ్యాను ఎక్కలేదు. ఆ ఊరి పిల్లనో పిల్లాడినో ముందుకి పిలిచి, "రేపు రాత్రి ఈ అరుగు మీద చదువు చెప్పేది వీళ్ళు, పలకలు ఇవిగో" అని చూపించేవాళ్ళం. ఆ అరుగు మీద, లాంతరు చుట్టూ, ఆడవాళ్ళు రోజూ కూర్చున్నారు. వాచకంలో తాగుడు వల్ల చితికిపోయిన సంసారం గురించి ఒక పాఠం ఉండేది. అది చదువుతూ ఎవరి కథ వాళ్ళు చెప్పుకోవడం మొదలుపెట్టారు. మా జిల్లాలోనే దూబగుంట అనే ఊరి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ సంగతినే తర్వాతి వాచకంలో పాఠంగా వేస్తే, వేరే ఊళ్ళవాళ్ళు చదివి, వాళ్ళు చేసింది మనం చేయలేమా అన్నారు. 1992లో ఆడవాళ్ళు వెళ్ళి సారా వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. ఆ తర్వాత అది ఎలా సడలిందో అందరికీ తెలుసు.

నాటికల వల్లే ఇదంతా జరిగిందని నేను అనను. నాటిక మనుషుల్ని అరుగు దాకా తీసుకొచ్చింది. రోజూ కూర్చోవడం వల్ల మిగతాది జరిగింది. అందుకే కాలువగట్టు బాబూ, నేను నిన్ను అడిగేది ఒక్కటే. నాటకం మర్నాడు పొద్దున తెనాలిలో ఏం జరుగుతుంది? ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకి? ఆ జవాబు నాటకంలోనే చివరి మాటగా చెప్పగలిగితే అప్పుడు డప్పు కొట్టండి.

కాలువగట్టు, తెనాలి

పంతులుగారూ, నమస్కారం. మీ పోస్టు మావాళ్ళందరికీ చదివి వినిపించాను. రెండు సాయంత్రాలు కూర్చుని ఇలా అనుకున్నాం.

చొక్కా గొడవ తీసేశాం. ఏప్రిల్ 12 కూడా వదిలేస్తున్నాం. కాలువలకి నీళ్ళు ఆపేశాక, మట్టం తగ్గి అడుగు కనిపించేటప్పుడు చేద్దాం. ఆ రోజుల్లో చెత్త అంతా కళ్ళెదుటే ఉంటుంది. టైలర్ అన్నే కాలువ కరణం. కోటు కుట్టడం మొదలుపెట్టేశాడు. మార్కెట్ వంతెన, గుడి దగ్గర వంతెన, చికెన్ కొట్ల వైపు వంతెన, ఈ మూడింటి దగ్గరా తిరుగుతాడు.

చేప బొమ్మ కూడా వద్దనుకున్నాం. అది బీచిల్లో చాలా చోట్ల పెట్టారు, చూసి ఫోటో దిగి వెళ్ళిపోతారు. దాని బదులు ఒక్క వంతెన కింద ఒక్క రోజులో దొరికినదాన్నే ఉతికి, ఆరబెట్టి, వలలో కట్టి గట్టు మీద వేలాడదీస్తాం. పక్కన ఇనుప శిల్పులు చేసే పటాల పెట్టె. బొమ్మ అక్కర్లేదు, పెట్టె అందంగా ఉంటే చాలని వాళ్ళే అన్నారు.

చివరి రోజు దస్తరం చదివాక ఫోరం నాటకం. కథ పారిశుద్ధ్య కార్మికులు ఇద్దరు చెప్తున్నారు, మావాళ్ళు రాసుకుంటున్నారు. రాత్రి మార్కెట్ కట్టేసే టైముకి ఒక బండి పంపమని వార్డులో అడిగాం. నెల రోజులు ప్రయత్నం చేసి చూద్దామన్నారు. అదే మా చివరి మాట: "రేపటి నుంచి రాత్రి తొమ్మిదిన్నరకి బండి ఇక్కడ ఉంటుంది." ఆ నెలంతా మా పిల్లలు వంతులవారీగా బండి పక్కన నిలబడతారు.

ఒక సందేహం మిగిలింది. కరణానికి తోడుగా గంగమ్మ వేషం వేసి, మెడలో ప్లాస్టిక్ దండ వేద్దామని కొందరు పిల్లలు అంటున్నారు.

వేషం_కట్టు, కూచిపూడి దగ్గర

ఆ దండ వద్దు. దేవత మెడలో చెత్త వేస్తే చూసేవాళ్ళ మనసు నొచ్చుకుంటుంది, మాట కాలువ మీద నుంచి పక్కకి పోతుంది. కరణం ఒక్కడే చాలు. కాకపోతే ఆయనకి ఒక బంట్రోతు ఉండాలి. కరణం రాసింది బంట్రోతు గట్టిగా చదివితే దూరంగా ఉన్నవాళ్ళకీ వినిపిస్తుంది.

పోతనవాడ_పిల్ల, వరంగల్

వీడియో మీరే తీసి మీరే ముందు పెట్టండి. కరణం అడగడం దగ్గర మొదలై బండి టైము చెప్పడం దగ్గర ముగిసే క్లిప్పు. కొట్లవాళ్ళ ముఖాలు కనిపిస్తే వాళ్ళని అడిగి పెట్టండి.

నీటిమట్టం

బండి ఒప్పుకోలు నోటిమాటగా ఉంచొద్దు, కాగితం మీద తీసుకోండి. నెల తర్వాత కొనసాగించమని అడగాలంటే రోజూ బండికి ఎంత చెత్త వచ్చిందో తూకం రాసి పెట్టుకోవాలి. దస్తరం ఎలాగూ ఉంది, చివరి పేజీలు దానికి వాడుకోండి.

డప్పు_దరువు, గుంటూరు

వచ్చే ఆదివారం డప్పు తీసుకుని వస్తున్నా. బంట్రోతుకి గొంతు ఉన్న పిల్లని చూసి ఉంచు, ఆడపిల్ల అయితే ఇంకా బాగుంటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మార్కెట్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి నడిచి చూద్దాం, ఎక్కడ నిలబడితే మాట ఎంతదూరం వెళ్తుందో.

తెల్లారుజాము, విజయవాడ

మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. రెండు మాటలు రాయమంది. చికెన్ కొట్ల వైపు కాలువ అడుగున గాజు పెంకులు, ఎముకలు ఉంటాయి, రబ్బరు బూట్లు, మందం గ్లవుజులు లేకుండా పిల్లల్ని దించొద్దంది. వలకి కట్టేవాటిని బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి ఉతకాలట, లేకపోతే రెండో రోజుకే వాసన వస్తుందట. ఆదివారం తనకి సెలవైతే వస్తానంది.